నడుం కింది మాటలు

మా బావగారు పోయి వచ్చే నెలకు ఏడాది. సంవత్సరీకం నాడు వచ్చినవాళ్లకు పంచడానికి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారట. మొన్న ఆయన కొడుకు మేడ మెట్లెక్కి వచ్చి, నీలం అట్ట రిజిస్టరొకటి నా చేతిలో పెట్టాడు.

"పిన్నీ, మనింట్లో రాయడం వచ్చినదానివి నువ్వే. నాన్న గురించి రెండు మంచి మాటలు రాసియ్యి. పిల్లలు సెడిపోకుండా ఎంత కష్టపడినాడో అందరికీ తెలవాల. అన్నీ ఇందులో ఉన్నాయి, నాన్న సేతిరాతే."

తెలవాలి. నేను అన్నదీ ఆ మాటే. అతను సంతోషంగా దిగి వెళ్లాడు.

బావగారంటే నా భర్తకు అన్న. ఖరగ్‌పూర్ యార్డులో కేబిన్‌లో నిలబడి సిగ్నల్ లీవర్లు లాగిన మనిషి. రిటైరైన డబ్బుతో తాల్‌బగీచాలో ఈ ఇల్లు కట్టారు. కింద ఆయన, అక్క, కొడుకు, కోడలు, మనవడు. పైన మేం ముగ్గురం. మావారు వర్క్‌షాప్‌లో ఫిట్టరు, అన్నగారి ముందు నోరు విప్పని తమ్ముడు. నేను విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో ఒక ఫ్యాక్టరీలో కంప్యూటర్ ఆపరేటర్ని. ఇక మా అమ్మాయి. అందరూ దాన్ని అమ్మి అనే పిలుస్తారు, నేనూ అలాగే రాస్తాను.

ఆయన్ని తలుచుకుంటే ముందు నాకు గుర్తొచ్చేది గుడ్డ. కేబిన్‌లో ఇనుప లీవరు వట్టి చేత్తో పట్టుకోరు. చెమటకు తుప్పు పడుతుందని చేతిలో గుడ్డ పెట్టుకుని లాగుతారు. రిటైరయ్యాక లీవర్లు పోయాయి గానీ గుడ్డ పోలేదు. పసుపుపచ్చ గుడ్డ, నాలుగు మడతలు. కొళాయి తిప్పాలన్నా గుడ్డే, గేటు గడియ తియ్యాలన్నా గుడ్డే. పిల్లల చేతిలోంచి ఫోన్ తీసుకోవాలన్నా గుడ్డతోనే తీసుకునేవారు. చచ్చిన ఎలకను తోక పట్టుకుని ఎత్తినట్టుండేది చూడ్డానికి.

రెండోది దగ్గు. ఏ గదిలోకి వెళ్లినా గుమ్మం దగ్గర రెండుసార్లు దగ్గాలి. మేడ మీదకి ఆయన ఒక్కసారి కూడా రాలేదు. తమ్ముడి భార్య ఉన్న చోటని మెట్ల కింద నిలబడి దగ్గేవారు, నేను పైన కొంగు సర్దుకుని నిలబడేదాన్ని. ఈ ఇంట్లోకి వచ్చాక మా ఇద్దరి మాటలు దాదాపు అన్నీ ఆ మెట్లకు అటొకరూ ఇటొకరూ నిలబడి ఆడినవే.

చెప్పేవి శ్రీరంగనీతులు, చేసేవి ఇంకేవో అనే బాపతు మనిషి కాదు. అలాంటివాడైనా బాగుండేది, ఓ నవ్వు నవ్వి వదిలేసేదాన్ని. ఈయన ఏం చెప్పేవారో అదే చేసేవారు. అందుకే నా కసి ఇంకా చల్లారలేదు.

ఇదంతా మనవడితో మొదలైంది. తొమ్మిదేళ్ల వాడు, క్లాసు పిల్లల వాట్సాప్ గ్రూపులో ఎవడో పంపిన బూతు వీడియో చూశాడు. రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడోరోజు వాళ్లమ్మను పట్టుకుని ఏడ్చి చెప్పాడు. ఇంట్లో అందరం హడలిపోయాం. ఏదో ఒకటి చెయ్యాలనే నేనూ అన్నాను, ఇవాళ అడిగినా అదే అంటాను. కానీ బావగారు ఏదో ఒకటి చేసి ఊరుకునే మనిషి కాదు.

పిల్లల ఫోన్లకు కాపలా కాసే యాప్ ఒకటి ఉందని నేనే చెప్పాను. పాపిష్టి నోరు. మర్నాడు మెట్ల కింద దగ్గు.

"అమ్మాయ్, అందులో కూడని మాటలు రాసి పెట్టొచ్చటగా. ఆ మాట ఎతికితే బండి ఆగిపోద్దటగా."

"అవునండి బావగారూ. ఏయే మాటలు పెట్టమంటారు?"

ఆయన గుడ్డతో నుదురు తుడుచుకున్నారు. ఆ మాటలు నోట పలకలేరు కదా! అటు తిరిగి అన్నారు. "నడుం కిందవి అన్నీ పెట్టీ."

అన్నీ పెట్టాను. తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో, బంగ్లాలో. దేవుడు ఇచ్చిన ఒళ్లు సగానికి సగం ఆ రోజు మా ఇంట్లో నిషేధం అయిపోయింది. అవయవాల పేర్లు, వాటి జబ్బుల పేర్లు, వాటిలోంచి వచ్చేవాటి పేర్లు. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టినట్టే. పెట్టమన్నది ఆయన, అగ్గిపుల్ల గీసింది నేను.

ఆ తర్వాత తాళం. అక్కడే ఆయన తన కేబిన్ బుద్ధి బయటపెట్టారు. రైల్వేలో గేటు తాళం, సిగ్నల్ తాళం ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. గేటు పడనిదే సిగ్నల్ రాదు, సిగ్నల్ ఇచ్చాక గేటు తెరుచుకోదు. ఏ ఒక్కడి చేతిలోనూ మొత్తం తాళం ఉండదు. యాప్ తాళానికి ఎనిమిది అంకెలుంటే మొదటి నాలుగూ ఆయన పెట్టుకున్నారు, ఫోన్ మెట్టు మీద ఉంచి, చివరి నాలుగూ నన్ను పెట్టమని మొహం తిప్పుకున్నారు. పిల్లల ఫోన్లలో ఎవరైనా కూడని మాట వెతికితే కబురు ఆయనకు వస్తుంది. ఇంకా విచిత్రం, తన ఫోన్ కూడా ఆ కాపలా కిందే పెట్టించారు. దాని కబురు నాకు వస్తుంది.

"మీకెందుకండి బావగారూ? మీరు పెద్దోరు."

"నా ఒక్కడి సేతిలో ఉంటే అది పెత్తనం అమ్మాయ్. ఇద్దరి సేతిలో ఉంటేనే సేఫ్టీ."

ఆ మాట విని నాకు గౌరవం కలిగింది. అబద్ధమెందుకు, చాలా గౌరవం కలిగింది.

ఎవరికైనా తాళం తీయాలంటే పద్ధతి ఉంది. కారణం నలుగురిలో పైకి చెప్పాలి. ఆయన రిజిస్టర్లో రాస్తారు. పేరు, టైము, కారణం, అనుమతి అని నాలుగు గళ్లు, రూళ్లకర్ర పెట్టి గీసినవి. మామూలు సంగతులు నల్ల ఇంకు, కూడని మాటలకు ఎర్ర ఇంకు. ఆదివారం పది గంటలకు వరండాలో ఇన్‌స్పెక్షన్. మా రెండిళ్ల పిల్లలతో పాటు పక్కింటి బెంగాలీ దీదీ తన ఇద్దరు పిల్లల్నీ పంపేది. బల్ల మీద ఫోన్లు వరసగా పెడితే, ఆయన గుడ్డతో ఒక్కొక్కటీ ఎత్తి, రిజిస్టర్ చూసి, వారం లెక్క చదివేవారు. ఆయన గొంతు అప్పుడు కేబిన్‌లోంచి స్టేషన్ మాస్టరుకు ఫోన్ చేస్తున్నట్టుండేది. తప్పు లేనివాళ్లకు "లైన్ క్లియర్" అని ఒక మైసూర్‌పాక్ ముక్క. పిల్లలు కూడా సరదా పడ్డారు.

అమ్మికి అప్పుడు పదమూడు దాటింది. ఆ ఆదివారం నాకు ఫ్యాక్టరీలో డ్యూటీ పడింది. సాయంత్రం బస్సు దిగి వస్తుంటే గేటు దగ్గర పక్కింటి దీదీ ఆపింది. "బౌదీ, మేయే బడో హొచ్ఛే. సావధాన్." పిల్ల పెద్దదవుతోంది, జాగ్రత్త అని. ఏమైందంటే చెప్పింది. ఇన్‌స్పెక్షన్లో మా బావగారు అమ్మి ఫోన్ ఎత్తి పట్టుకుని, పది మందిలో, "ఈ అమ్మి కూడని మాట మూడుసార్లు ఎతికింది. రెడ్" అన్నారట.

ఏ మాటో చెప్పలేదు. చెప్పరు కదా, నడుం కింద మాట! వినేవాళ్లు ఎవరికి తోచినంత మురికి వాళ్లు ఊహించుకున్నారు. నేనూ ఊహించుకున్నాను. మెట్లెక్కి, చెప్పులైనా విడవకుండా, పిల్ల చెంప మీద కొట్టాను. "ఏ మాటే?" అని కూడా అడగలేదు. అది నా మొహంలోకి చూసి, ఏదో చెప్పబోయి, నోరు మూసుకుంది.

పదకొండు రోజులు మూసుకునే ఉంది. పదకొండో రోజు బడిలో ప్రార్థనలో నిలబడ్డది నిలబడ్డట్టే కూలిపోయింది. నేను ఆసుపత్రికి వెళ్లేసరికి ఒంట్లో రక్తం లేదని రక్తం ఎక్కిస్తున్నారు. నెలసరి మొదలై ఆగకుండా అవుతోందట, ఆ ఆదివారానికి ముందు నుంచే. బట్టల మీద బట్టలు పెట్టుకుని, పొద్దున్నే నాకంటే ముందు లేచి ఉతుక్కుని, ఎవరికీ తెలియకుండా దాచుకుంది. మంచం పక్కన కూర్చుని అప్పుడడిగాను, ఆ రోజు వెతికిన మాట ఏమిటని.

"బ్లీడింగ్ ఆగకపోతే ఏటవుద్ది అని ఎతికినానమ్మా. సచ్చిపోతానేమోనని."

ఆ మాట మూడుసార్లు వెతికింది నా కూతురు. మూడుసార్లూ బండి ఆగిపోయింది. ఆ మాటకు అడ్డుకట్ట టైపు చేసింది ఈ వేళ్లే.

ఇంటికి వచ్చి మొదటిసారి మెట్లు దిగి ఆయన ముందు నిలబడ్డాను. ఆయన వరండాలో రూళ్లకర్ర తుడుస్తున్నారు.

"మీ ఫోన్‌కి కబురు వచ్చింది గదండి బావగారూ. అది ఏటి ఎతికిందో మీరు సదివినారు గదా?"

"సదివినాను."

"మరి నాకు ఒక్క మాట సెప్పలేదేటండి?"

ఆయన గుడ్డ మడత పెట్టారు, విప్పారు, మళ్లీ మడత పెట్టారు. "ఆడోల మాట, అమ్మాయ్. నానెలాగ సెప్తాను? నా నోట రాదు. కళ్లు మూసుకుని ఎర్రగీత గీసినాను."

ఆయన గొంతులో తప్పు చేసిన జాడ లేదు. అమ్మికి ఎలా ఉందని అడిగారు, అక్కతో కొబ్బరి నీళ్లు పంపారు. రిజిస్టర్ మాత్రం మూయలేదు. తర్వాతి ఆదివారం ఇన్‌స్పెక్షన్ యథాప్రకారం జరిగింది. యాప్ తీసేద్దామని మావారితో అంటే, "అన్నయ్య సేతిలో సగం తాళం ఉంది గదా, ఎలా తీస్తాం?" అన్నాడాయన, పేపరు మీంచి తల ఎత్తకుండా. ఆ రోజే అనుకున్నాను. ఈ పదకొండు రోజులు ఎప్పటికైనా ఆయన చేత అనుభవింపజెయ్యాలి. ముల్లును ముల్లుతోనే తీయాలి.

దేవుడు నా మాట ఇంత తొందరగా వింటాడనుకోలేదు. ఏడాది తిరక్కుండానే, ఒక సోమవారం పొద్దున్న కంపెనీ బస్సుకు తయారవుతుంటే నా ఫోన్‌కి కబురు వచ్చింది. ఆయన ఫోన్ నుంచి. కూడని మాట, మూడుసార్లు. తెరిచి చూశాను. "మూత్రంలో రక్తం."

చూసి కూర్చుండిపోయాను. భయం కాదు. కడుపులో చల్లగా ఉంది.

అరగంటలో మెట్ల కింద రెండుసార్లు దగ్గు.

"అమ్మాయ్, నీ నాలుగంకెలు కావాల."

"ఎవులికండి?"

"నాకే."

"కారణం సెప్పండి బావగారూ. రాసుకోవాల గదా."

"ఏటీ లేదులే" అని వెళ్లిపోయారు. నేను జడ వేసుకుని బస్సెక్కాను. ఆ రోజు ఫ్యాక్టరీలో అందరితో నవ్వుతూ మాట్లాడానని గుర్తు.

ఆ జబ్బు ఆలస్యం చేయకూడనిదని నాకు తెలుసు. నా ఫోన్‌కు తాళం లేదు కదా, అంతా చదివాను. ఆ వయసు మగవాళ్లలో అది దేనికి గుర్తో కూడా చదివాను. చదివి ఊరుకున్నాను. ఇది చదివేవాళ్లు నన్ను ఏమైనా అనుకోండి.

మంగళవారం వచ్చారు, బుధవారం వచ్చారు. రోజూ అదే దగ్గు, అదే అడగడం, నాది అదే జవాబు. నా నాలుగంకెలు లేకపోతే కొడుకును అడగొచ్చు, డాక్టరు దగ్గరకు నడిచి వెళ్లొచ్చు, కాలేజీ దగ్గరి ప్రేమ్ బజార్‌లో ఏ ఇంజనీరింగ్ కుర్రాడి ఫోనో అడిగి తీసుకోవచ్చు. ఆయన అవేమీ చేయరని నాకు తెలుసు. నడుం కింద మాట ఇంకొకరికి చెప్పడం చేతకాక కదా ఫోన్‌ను అడిగింది! ఫోన్ చెబితే గానీ అది చెప్పుకోదగ్గ జబ్బో కాదో ఆయనకు తెలియదు. అమ్మికీ తెలియలేదు. గురువారం నాటికి మనిషి మొహం పాలిపోయింది. మెట్ల రెయిలింగును గుడ్డతో తుడుస్తూ నిలబడ్డారు, ఎంతసేపు తుడిచారో. శుక్రవారం అన్నారు, "సిన్న పనేనమ్మాయ్."

"సిన్న పనైతే ఆదివారం ఇన్‌స్పెక్షన్లో సెప్పండి. పిల్లలూ అలాగే సెప్తారు గదా."

నిజానికి ఆదివారం కూడా ఇవ్వకూడదనే నా ఉద్దేశం. ఆ మీద గురువారం దాకా, పదకొండు రోజులూ. వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను.

ఆదివారం పది గంటలకు నేనూ కిందికి దిగాను. పిల్లలు నలుగురూ వరసగా కూర్చున్నారు, అమ్మి చివర. ఆయన బల్ల వెనక నిలబడి పిల్లల ఫోన్లన్నీ చూశారు. నలుగురికీ లైన్ క్లియర్. ఆఖరున తన చొక్కా జేబులోంచి తన ఫోన్ తీసి, గుడ్డలో పట్టుకుని, పైకెత్తారు.

"ఈ ఫోన్... ఈ మనిషి కూడని మాట ఎతికినాడు. సానా సార్లు. రెడ్."

మనవడు పకపకా నవ్వాడు. "తాతా, ఛీ!" అన్నాడు. పక్కింటి పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నేను స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకున్నాను. ఇన్నాళ్లూ ఎదురుచూసిన ప్రశ్న అడిగాను.

"ఏ మాట బావగారూ?"

నోరు తెరిచారు. మాట రాలేదు. అది చూడ్డానికి నాకు ఎంత తృప్తిగా ఉందో రాస్తే ఈ కాగితం సిగ్గుపడుతుంది.

అప్పుడు అమ్మి లేచింది. పాలిపోయిన ఆయన మొహాన్నే చూస్తోంది. నోరు తెరుచుకుని మాట రాక నిలబడ్డ మొహం ఎలా ఉంటుందో ఆ వరండాలో దానికొక్కదానికే తెలుసు. బల్ల చుట్టూ తిరిగి ఆయన పక్కకు వెళ్లి, ఆ చేతిలోని ఫోన్ తీసి బల్ల మీద పెట్టింది.

"పెదనాన్నా, రక్తమా ఏటి?"

ఆయన తల ఊపారు. అరవై ఎనిమిదేళ్ల మనిషి, పిల్లవాడిలా ఊపారు.

"ఎన్నాల్నుంచి?"

"నెల దాటిందమ్మి."

"మరి సెప్పవేటి? పద, ఆటో పిలుస్తాను. అమ్మా, అన్నయ్యని లెగమను, బేగి."

నేను కదల్లేదు. నా లెక్క ఏడో రోజు దగ్గర తెగిపోయింది. తెంపింది నా కూతురు, ఎవరి కోసం కక్ష కట్టానో అదే. దాని మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. ఆటో వీధి మలుపు తిరిగేదాకా చూసి, లోపలికి వచ్చి గిన్నెలు విసిరికొట్టాను.

మూత్రాశయంలో క్యాన్సర్ పుండన్నారు. చాలాకాలంగా పెరుగుతోందట, ఓ వారం ముందూ వెనకా పెద్ద తేడా లేదని డాక్టరు అన్నాడు. మావారు నాకోసమే అడిగి తెలుసుకొచ్చినట్టు ఆ మాట రెండుసార్లు చెప్పాడు. నేను అంకెలు ఇవ్వని సంగతి మావారికి తెలుసో తెలియదో నేను అడగలేదు. ఎనిమిది నెలలకు బావగారు పోయారు. ఆ ఎనిమిది నెలలూ ఆసుపత్రి చీటీలు, మందుల వేళలు చూసింది అమ్మియే. నాతో ఆయన మాట్లాడింది ఒకే ఒకసారి, మంచం మీంచి. "అమ్మాయ్, నా నాలుగంకెలు రాసుకో" అన్నారు. రాసుకున్నాను. పైకి వెళ్లి ఎనిమిదంకెలూ కొట్టి ఆ జాబితా అంతా చెరిపేశాను. బూతు బొమ్మల మీద కాపలా మాత్రం ఉంచాను. పిల్లలు వెతికినది ఏదైనా దాని దగ్గర ఆగిపోతే కబురు నాకు వస్తుంది, నేను వెళ్లి ముందు "ఏటయింది?" అని అడుగుతాను. అది నేర్చుకోవడానికి నా బిడ్డ ఒంట్లో రక్తం అయిపోవాల్సి వచ్చింది.

నిన్న రిజిస్టర్ తెరిచాను. అమ్మి గడి అలాగే ఉంది. ఎర్ర ఇంకు. పేరు, టైము. కారణం దగ్గర "కూడని మాట, 3". అనుమతి దగ్గర "లేదు". కొట్టివేత లేదు, దిద్దుబాటు లేదు. పేజీలన్నీ తిప్పాను, ఎక్కడైనా ఒక్క ముక్క రాశారేమోనని. లేదు. ఎనిమిది నెలలు ఆ పిల్ల చేత్తో మందు తాగిన మనిషి ఆ ఒక్క గీత కొట్టేయలేకపోయారు.

చివరి పేజీలో ఏడు గీతలున్నాయి. అవీ ఎర్ర ఇంకే. పేరు దగ్గర తన పేరు. సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని. ఆరు రోజులూ కారణం ఖాళీ. ఆరు రోజులూ అనుమతి దగ్గర "అడిగినాను. తమ్ముడి భార్య ఇవ్వలేదు." ఏడోది ఆదివారం. కారణం దగ్గర రూళ్లకర్ర పెట్టకుండా వంకరగా ఒకే మాట, "రక్తం". అనుమతి దగ్గర "అమ్మి".

ఇవాళ పొద్దున్న ఎర్ర పెన్ను తీసుకున్నాను. అమ్మి గడిలో "కూడని మాట" కొట్టేసి, పైన "రక్తం" అని రాశాను. పక్కన రాశాను: చదివి చెప్పనివాడు పెదనాన్న, అడక్కుండా కొట్టింది అమ్మ. ఆయన ఏడు గీతలనూ ముట్టుకోలేదు. తమ్ముడి భార్య అని ఎక్కడెక్కడ ఉందో అక్కడే ఉంచాను. ఇక్కడిదాకా రాసిన ఈ కాగితాలు అందులో పెట్టి కిందికి తీసుకెళ్లి ఇచ్చాను.

ఆయన కొడుకు వరండాలోనే నిలబడి చదివాడు. చదువుతూ చదువుతూ కుర్చీలో కూర్చున్నాడు.

"పిన్నీ, ఇది ఎలాగ అచ్చేస్తాం? నాన్న పరువు... నీ పరువు కూడా పోద్ది గదా."

"పోనీ" అన్నాను. "పది మందిలోనే సదివించు."